గేటు బయట టీచర్‌గారు

మా మేడమీద అద్దెకుండే టీచర్‌గారు పోయిన మంగళవారం గుంటూరు ఆసుపత్రిలో చనిపోయారు. ఫోన్ వచ్చినప్పుడు నాన్న టిఫిన్ తింటున్నారు. అయ్యో అన్నారు. వెంటనే, "ఇక్కడికి తెస్తారా ఏంటి?" అని అడిగారు.

ఆవిడది రేపల్లె. బాపట్లలో కాలేజీలో తెలుగు చెప్పి, రిటైరయ్యాక తెనాలి వచ్చి మా ఇంట్లో తొమ్మిదేళ్ళు ఉన్నారు. భర్తను వదిలేసి వచ్చిన మనిషని నాయనమ్మ నన్ను పైకి వెళ్ళనిచ్చేది కాదు. నేను వెళ్ళేదాన్ని. మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీసే ముప్పావుగంట, వట్టి కాళ్ళతో, చప్పుడు కాకుండా. ఏడాదిన్నరపాటు ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. నేను తెలుగు కూడబలుక్కుంటుంటే, "రేపల్లె ప్యాసింజరులా ప్రతి అక్షరం దగ్గరా ఆగుతావేంటే అమ్మడూ" అనేవారు. కళ్ళజోడు చీరచెంగుతో తుడుచుకుని, నేను ఆగిన చోటి నుంచి తనే చదివేవారు. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆవిడ వల్లే.

అలా ఒక పాత నవల చదివాం. అందులో కథ తక్కువ, మనుషుల మనసుల్లో నడిచే మాటలే ఎక్కువ. ఒకతను రైలు దిగి ఒక ఊళ్ళోకి వస్తాడు. పేరుండదు. కాఫీ హోటల్ బల్ల మీద కూర్చుంటాడు, చివరికి వెళ్ళిపోతాడు.

"ఇతనెందుకు టీచర్‌గారూ? తీసేసినా కథేం ఆగదుగా" అన్నాను.

"సరే, తీసేసి చదువు" అని అతనున్న పేజీలన్నిటికీ క్లిప్పులు పెట్టించారు. అలా చదవడానికి వారం పట్టింది. అతను లేకపోతే ఆ ఊళ్ళో అందరూ మంచివాళ్ళే. కూరలు ఇచ్చిపుచ్చుకుంటారు, జ్వరమొస్తే పలకరిస్తారు. క్లిప్పులు తీశాక చూస్తే, అతనికి మంచినీళ్ళు ఏ గ్లాసులో ఇవ్వాలా అని గుసగుసలాడుకునేదీ వాళ్ళే.

"వాడేం చెయ్యడమ్మా, ఊరికే ఉంటాడు. వాడొస్తేనే గదా ఆ ఊరేంటో మనకి తెలిసేది" అన్నారు. పుస్తకం మూసి, "రాసినాయన అందరి మనసుల్లోకీ వెళ్ళాడు, వాడి మనసులోకి తప్ప. ఆయన కూడా వాణ్ణి బయటే ఉంచాడు చూడు."

"అతని మనసులో ఏముంటుందండీ?"

"కాళ్ళు పీకుతున్నాయనుంటుంది" అని నవ్వారు.

ఆ మంగళవారం పదకొండింటికి ఆసుపత్రి నుంచి వ్యాను వచ్చింది. రేపల్లె తీసుకెళ్ళేలోపు, తెలిసినవాళ్ళు చూసుకోవడానికి రెండు గంటలు ఇంట్లో ఉంచుతామని ఆవిడ తమ్ముడు అడిగాడు. "తొమ్మిదేళ్ళున్న ఇల్లు గదండీ పెద్దమ్మగారూ."

"ఏమనుకోకు నాయనా. అద్దెకున్నవాళ్ళ శవాన్ని గేటు లోపలికి రానిస్తే ఇంటికి మంచిది కాదు. ఆవిడ పోయిన నక్షత్రం కూడా బాలేదంట. ఆరు నెలలు ఇల్లు మూసుకుని మేమెక్కడికి పోతాం?" అంది నాయనమ్మ. ఏడుస్తూనే చెప్పింది.

ఐస్ బాక్సును గేటు బయట రోడ్డు మీద దించారు. "కరెంటివ్వండి బాబూ, ఎండ చంపేస్తంది" అన్నాడు డ్రైవరు. నాన్న నాయనమ్మ వంక చూశారు.

"మనది వద్దురా. ఎదురింట్లో అడగమను."

ఎదురింటికి తాళం వేసి ఉంది.

మేడమీద గది తాళంచెవి నా దగ్గరుంది. ఆసుపత్రికి వెళ్తూ, పుస్తకాలు తెచ్చుకోమని ఆవిడే ఇచ్చారు. పైకి వెళ్తే అంతా బయటపడుతుంది. అబద్ధాలాడితే హాస్టల్లో పడేస్తానని నాన్న ఎప్పుడూ అంటుంటారు. హాస్టలంటే నాకు చచ్చేంత భయం. పది నిమిషాలో, ఇంకా ఎక్కువో, గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆ పది నిమిషాలకి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

తర్వాత మెట్లెక్కాను. ఆవిడ ఎక్స్‌టెన్షన్ బాక్సు వీధివైపు కిటికీలోంచి కిందికి వదిలాను. డ్రైవరు ఐస్ బాక్సు ప్లగ్గు అందులో పెట్టాడు గానీ, వైరు బొటాబొటిగా అందింది. గోడ దగ్గర ప్లగ్గు ఊడిపోకుండా, ఊచల మధ్య నుంచి చెయ్యి చాచి వైరు పట్టుకోవాల్సి వచ్చింది.

"ఆ గది తాళం నీకెవరిచ్చారే?" నాయనమ్మ కింద నుంచి అడిగింది.

"టీచర్‌గారు" అన్నాను. వీధిలో ఉన్నవాళ్ళంతా తలెత్తి చూశారు.

వ్యాను కదిలేదాకా నేను వైరు వదల్లేదు. కింద ఐస్ బాక్సు గాజుకి చెమ్మ పట్టి ఆవిడ మొహం కనపడకుండా పోయేది. ఆవిడ తమ్ముడు తువ్వాలుతో తుడిచేవాడు. మళ్ళీ పట్టేది. మళ్ళీ తుడిచేవాడు.