ట్రయల్ రూములోంచి వచ్చిన గొంతు

"...గొంతు పోయేలా అరిచానయ్యా! ఆవిడ ఇటు తొంగి కూడా చూడలేదు. పైగా 'అరుచుకో, అలిసిపోతే నువ్వే ఊరుకుంటావు' అంటుందా?"

"అది మీతో అనలేదండీ మాస్టారూ," టైలరు సర్దిచెప్పబోయాడు.

"మరెవరితో? లోపల ఉన్నది నేనొక్కణ్ణే గదా!"

డ్రిల్లు మాస్టారు కొత్త ప్యాంటులో కర్రలా నిలబడి ఉన్నాడు. నడుం దగ్గర కొక్కెం పట్టేసి ప్యాంటు విప్పడానికి రాలేదు. ట్రయల్ రూము గడియ తలుపు కింది అంచున ఉంది. వంగితే వెనక కుట్లు పిగిలేలా ఉన్నాయి. బడి పిల్లలందర్నీ ఒక్క కేకతో వరసలో నిలబెట్టే మనిషి, ఆ చెక్కగదిలో దిక్కుతోచక ఉండిపోయాడు. చివరికి టైలరే సందులోంచి పుల్ల దూర్చి గడియ తీశాడు.

టైలరు చెల్లెలు తల వంచుకుని చొక్కాకి కాజాలు కుడుతోంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని మాస్టారు కాస్త తగ్గాడు. నిజానికి ఆమె నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతోంది.

ఒకప్పుడు ఆ కొట్లో కటింగు బల్ల ఆమెదే. అన్న మిషన్ తొక్కేవాడు. కొలతలిచ్చేటప్పుడు ఎవరైనా పొట్ట లోపలికి లాక్కుంటే, "వదిలెయ్యండి, రేపు ఇందులోనే ఊపిరి పీల్చుకోవాలి మీరు" అనేది.

తర్వాత జబ్బు చేసింది. మొదట నిద్ర తగ్గింది. నలుగురితో కూర్చుని తినడం, తల దువ్వుకోవడం మానేసింది. గుడ్డ మీద అన్న గీసిన సుద్దగీతల్లో తనకేవో సంకేతాలున్నాయంది. ఖాళీ ట్రయల్ రూములోంచి ఒక మగ గొంతు ఆమె చేసే ప్రతి పనికీ వంకలు పెట్టేది. ఒకరోజు, తన మీద నిఘా పెట్టిన తీగ అందులో ఉందంటూ ఎవరిదో సూటు గుడ్డ ముక్కలు ముక్కలు చేసింది. అప్పుడు వదిన ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఆనాటి నుంచీ కటింగు అన్న పని, కాజాలు ఆమె పని. పెద్ద కత్తెర వాడడం అయిపోగానే అతను బీరువాలో పెట్టి తాళం వేసేవాడు.

"దీన్ని స్కిజోఫ్రీనియా అంటారు," అంది డాక్టరమ్మ. "నీకు వినిపించడం నిజమేనమ్మా. మాట్లాడే మనిషే లేడు. అది చెప్పినట్టు చెయ్యకు, అనుమానం వస్తే పక్కవాళ్ళని అడుగు."

మందులతో ఒళ్ళు వచ్చింది, మధ్యాహ్నాలు మత్తుగా ఉండేది. సంకేతాలూ తీగలూ పోయాయి. గొంతు మాత్రం అప్పుడప్పుడు పక్కింటి రేడియోలా మోగేది. ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. "వినిపించిందా?" అని ఆమె అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలి. ట్రయల్ రూములోకి ఎవరు వెళ్ళినా ఆమెకు చెప్పాలి. వదిన దీని మీదా వేళాకోళం ఆడేది. "రాత్రిళ్ళు మీ అన్న గురక నీకూ వినిపిస్తోందా, నాకొక్కదానికేనా? నాకొక్కదానికే అయితే మందు నేనూ వాడతాను," అనేది.

ఇక కత్తెర ఇవ్వచ్చని ఈమధ్య డాక్టరమ్మ చెప్పింది. "చూద్దాంలే," అన్నాడు అన్న. ఆమె రోజూ అడుగుతోంది. అతను రోజూ చూద్దామంటున్నాడు.

ఇవాళ ఆమె వెనకగదిలో ఇస్త్రీ చేస్తుండగా మాస్టారు వచ్చాడు. అన్న అతన్ని లోపలికి పంపి, ఆమెతో ఒక్క మాట చెప్పకుండా దారం కొనడానికి వెళ్ళాడు. అతను తిరిగొచ్చి గుమ్మంలో కాలు పెట్టగానే, "అన్నయ్యా, లోపల ఎవరో అరుస్తున్నారు. నీకూ వినిపిస్తోందా?" అంది.

"అయ్యో, వినిపిస్తోందే!" అంటూ అతను పుల్ల కోసం పరిగెత్తాడు.

ఇప్పుడామె చొక్కా పక్కన పెట్టి లేచింది. "మాస్టారూ, నాకు లేనివాళ్ళ మాటలు వినిపించే జబ్బుంది. మందు వేసుకుంటున్నాను. అలాంటి ఒకాయన కూడా ఆ గదిలోంచే అరుస్తాడు. మీరే ఆయన అనుకున్నాను."

మాస్టారు ట్రయల్ రూము వైపు ఓసారి చూశాడు. "ఆయన గొంతు నాకంటే పెద్దదా?"

"మీదే పెద్దది. కాకపోతే ఆయన ప్యాంటు ఎప్పుడూ ఇరుక్కోలేదు."

మాస్టారు పకపకా నవ్వబోయి, కుట్లు గుర్తొచ్చి చటుక్కున ఆగాడు.

"ఇందుకేనే నేను కత్తెర విషయంలో..." అన్నాడు అన్న.

"ఎందుకు? గొంతు చెప్పినట్టు చేశానా? లేదు. నిన్ను అడగాలి, అడిగాను. చెప్పకుండా వెళ్ళింది నువ్వు."

అన్న దారపు ఉండ అటూ ఇటూ తిప్పాడు.

ఆమె సూది మొనతో కొక్కెం విడదీసింది. మాస్టారు లోపలికి వెళ్తూ, "ఈసారి గడియ వెయ్యను, ఎవరూ రావద్దు," అని గట్టిగా చెప్పాడు. విడిచిన ప్యాంటు తలుపు మీద వేశాడు. ఆమె దాన్ని తిరగేసి లోపలి కుట్టు అన్నకి చూపించింది. వదులు చేద్దామన్నా లోపల వేలెడు గుడ్డ మిగల్లేదు.

"మనిషి కూర్చుంటాడని మర్చిపోయావా, అన్నయ్యా?"

అతను జేబులోంచి తాళంచెవి తీసి బీరువా తెరిచాడు. పెద్ద కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె చేతిలోని సూది తీసుకున్నాడు.

"మాస్టారూ," ట్రయల్ రూములోకి వినిపించేలా అన్నాడు, "మీకు కొత్త ప్యాంటు మా చెల్లి కత్తిరిస్తుంది. రేపట్నించీ కాజాలు నావి."