మాటు వేసిన బిందె

గురువులు ఎవరింటికి సామాను కట్టడానికి వెళ్ళినా మొదట చేసే పని ఆ ఇంటి ఇల్లాలితో తగువు పెట్టుకోవడం. కావాలని కాదు, అతని పద్ధతే అంత. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి గిన్నె గిన్నే తీసి బోర్లించి, అడుగున రెండు దెబ్బలు కొట్టి, లోపల గింజ లేదని చూసుకుంటే గానీ గడ్డి చుట్టేవాడు కాదు. ఖాళీ గిన్నె గడప దాటకూడదని ప్రతి ఇల్లాలూ ప్రతి గిన్నెలోనూ పిడికెడు బియ్యమో పప్పో వేసి ఉంచేది. గురువులు ఆ గింజలన్నీ గుడ్డలో మూటకట్టి ఆవిడ చేతికే ఇచ్చి, "దారిలో వండుకోండమ్మా" అనేవాడు. అతను పోయాక తిట్టేవాళ్ళు కొందరు, ఉండగానే తిట్టేవాళ్ళు కొందరు.

వన్ టౌన్‌లో పోర్టు గోడ పక్కన చలమయ్య షావుకారుకి ఒక గోదాముండేది. గోనెల వ్యాపారం మూలపడ్డాక, ఊరొదిలి వెళ్ళే ఉద్యోగస్తుల సామాను దాచిపెట్టడానికి దాన్ని అద్దెకిచ్చేవాడు. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. ట్రైనింగులకనీ, పురుళ్ళకనీ ఏడాదేసి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు చాలామంది. వాళ్ళ సామాను కట్టడం, పేర్చడం, తిరిగొచ్చాక అప్పగించడం గురువులు పని. అంతకుముందు కళాసీగా ఓడల్లోంచి పింగాణీ పెట్టెలు దించినవాడు కాబట్టి కొన్ని సంగతులు చేతికే తెలుసు. అద్దాన్ని నిలబెట్టి కట్టాలి, పడుకోబెడితే పగులుతుంది. వరిగడ్డిలో ఒక్క వెన్ను మిగిలినా పోర్టు పందికొక్కు వాసన పట్టి, పది ఇళ్ళ పరుపులు కొరుకుతుంది. అందుకని గడ్డిని రెండుసార్లు దులిపేవాడు. పదకొండేళ్ళలో ఎవరి సామానూ కొక్కు నోట పడలేదు. ఆ మాట అతను ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఎనభై నాలుగులో కోటవీధిలో సత్యం అనే ఉద్యోగి ఇంటి సామాను కట్టడానికి వెళ్ళాడు. సత్యానికి భిలాయిలో ఏడాది ట్రైనింగు. భార్య వెంకటరమణమ్మ రాజోలులో పుట్టింటికి వెళ్తోంది. గిన్నెలన్నీ బోర్లించడం అయింది. ఆఖరికి ఇత్తడి బిందె దగ్గరికి వచ్చేసరికి ఆవిడ దాని మీద చెయ్యి వేసి కూర్చుంది.

"బియ్యం తియ్యాలి తల్లీ. కొక్కులొచ్చేత్తాయి" అన్నాడు గురువులు.

"ఇందులోవి తియ్యడానికి వీల్లేదండీ. రాజోలు నుంచి ఇక్కడికొచ్చినప్పుడు హడావిడిలో ఈ బిందె ఖాళీగా తెచ్చానండి. ఆ నెల్లోనే కడుపు పోయింది. ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల. తిరిగొచ్చాక ఈ బియ్యమే వండి బిడ్డకి మొదటి ముద్ద పెడతానని అనుకున్నానండి. ఇవి తీస్తే నేనిల్లు కదలను."

సత్యం కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. బయట చూడదగ్గదేమీ లేదు.

ఇంకెవరైనా అయితే గురువులు సాయంత్రం దాకా వాదించేవాడే. కానీ సొంతూరు పద్మనాభం నుంచి తను కాపురం వన్ టౌన్‌కి మార్చినప్పుడు సొంత ఇంటి గిన్నెలు కూడా బోర్లించే తెచ్చాడు. అప్పటికి ఈ పనిలో లేడు గానీ పద్ధతి మాత్రం ఉంది. ఆ సంవత్సరమే ఎనిమిది నెలల కొడుకు జ్వరంతో పోయాడు. మళ్ళీ పిల్లలు కలగలేదు. గిన్నెల వల్లే పోయాడని భార్య పోతమ్మ ఏనాడూ అనలేదు. కాదనీ అనలేదు.

గురువులు కాసేపు బిందె వంక చూసి, బియ్యంతో సహా భుజానికెత్తుకుని కళాయి వేసేవాడి దగ్గరికి తీసుకెళ్ళాడు. పసుపుకొమ్ము ఒకటి లోపల వేసి, మూత చుట్టూ తగరం కరిగించి పోయించి మాటు వేయించాడు. ఇక కొక్కు కాదు, చీమ కూడా దూరలేదు.

అది మొదలు ప్రతి శనివారం గోదాములో ఆ బిందెను ఎత్తి ఊపేవాడు. లోపల బియ్యం గలగలమనేది. అది విని మళ్ళీ కింద పెట్టేవాడు. వేసవి వచ్చేసరికి ఆ చప్పుడు మెత్తబడింది. వయసు మీద పడి చెవులు మందగిస్తున్నాయనుకున్నాడు. చెవులు బాగానే ఉన్నాయని అతనికి తెలుసు.

ఆడపిల్ల పుట్టిందని, ఏడో నెల వచ్చిందని, గురువారానికి వస్తున్నామని, ఈసారి పెందుర్తిలో ఇల్లు తీసుకున్నామని సత్యం నుంచి కార్డు వచ్చింది. మంగళవారం గురువులు మాటు ఊడదీయించి చూశాడు. లోపల పిండీ, చచ్చిన ముక్కపురుగులూ ఉన్నాయి. పసుపుకొమ్ముకు కూడా చిల్లులే.

బిందె తీసుకుని ఇంటికి వెళ్ళి పోతమ్మ ముందు పెట్టాడు.

"ఏటైంది?" అంది పోతమ్మ.

"కొక్కు లోపలికి రాకుండా మాటేయించాను. పురుగు అప్పటికే లోపలుంది. అది నాను సూడలేదు."

"ఆయమ్మకి సెప్పేత్తావా?"

"సెప్పకపోతే ఎలగ?"

"సెప్తే ఆ పిల్లకి ముద్దేటి పెడతాది?"

పోతమ్మ బిందె తోమి ఎండలో బోర్లించింది. పద్మనాభం నుంచి చెల్లెలు పంపిన బియ్యం చేటలో పోసుకుని గుమ్మంలో కూర్చుంది. ఒకసారి ఏరింది. మళ్ళీ ఏరింది. మూడోసారి కూడా ఏరుతుంటే గురువులు, రాళ్ళు ఎప్పుడో అయిపోయాయన్నాడు. "పళ్ళు రాని పిల్ల, నువ్వూరుకో" అంది పోతమ్మ. అవి బిందెలో పోసి, కొత్త పసుపుకొమ్ము వేసింది. మర్నాడు మళ్ళీ మాటు పడింది.

గురువారం పెందుర్తిలో సామానంతా దించాక వెంకటరమణమ్మ పిల్లను చంకనేసుకుని వచ్చి ముందు బిందె విప్పమంది. గురువులు ఉలి పెట్టి మూత లేపాడు. ఆవిడ దోసిలితో బియ్యం తీసి వేళ్ళ సందుల్లోంచి వదిలింది. మళ్ళీ తీసింది.

"మేం పోసినవి సన్నబియ్యమండీ" అంది.

గురువులు తాడు చుట్టుకుంటున్నాడు. "పోర్టు గాలికి ఏడాదుంటే ముతకెక్కిపోతాయి తల్లీ."

"ఎర్రబడతాయా కూడా?"

"ఎర్రబడతాయి."

గురువులు చుట్టిన తాడునే విప్పి మళ్ళీ చుట్టాడు. ఇన్నేళ్ళలో అతను ఒకరి సామాను పోగొట్టడం ఇదే మొదలు. అబద్ధమాడటం కూడా. రెండిట్లోకీ రెండోదే బాగా చేతకాలేదు.

"ఎవరిచ్చారండీ ఇవి?"

"మా ఇంటిది. మీయి పురుగట్టీసాయమ్మా. తప్పు నాదే."

వెంకటరమణమ్మ బియ్యం బిందెలో పోసేసి మూత పెట్టింది. "రేపు ఆవిణ్ణి తీసుకురండి. అందాకా ఈ ఇంట్లో పొయ్యి వెలిగించను" అంది.

మర్నాడు పోతమ్మ వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "పిల్లల్లేని దాన్ని. నా సేత్తో పెట్టకూడదమ్మా" అంది.

"ముందు మీరు కూర్చోండి. బియ్యం మీవండీ" అంటూ వెంకటరమణమ్మ పిల్లను ఆవిడ ఒళ్ళో పెట్టేసింది.

పాలూ బెల్లమూ వేసి మెత్తగా మెదిపిన అన్నం పోతమ్మ వేలి కొసతో పిల్ల నోట్లో పెట్టింది. పిల్ల ముఖం చిట్లించి ఉమ్మేసింది. రెండోసారి మింగి, మళ్ళీ నోరు తెరిచింది. అది చూసి గురువులు వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

"ఆ యేడు నువ్వు గిన్నెలు బోర్లించబట్టే పిల్లోడు పోయాడనుకున్నాను" అంది పోతమ్మ కిటికీ వైపు చూస్తూ. "ఇన్నేళ్ళూ అనుకున్నాను. నీకు సెప్పలేదు."

"నాకు తెలుసు" అన్నాడు గురువులు. "నానూ అదే అనుకున్నాను."

పోతమ్మ అతని వైపు తిరిగింది. ఇద్దరూ ఒకే మాటని ఇన్నేళ్ళు చెరోవైపు దాచుకున్నారని ఆవిడకి అప్పుడే తెలిసింది. పిల్ల ఉమ్మిన మెతుకు ఒకటి ఆవిడ చీర కుచ్చెళ్ళకు అంటుకుని ఉంది. గురువులు దాన్ని దులపబోతే పోతమ్మ చెయ్యి అడ్డం పెట్టి, ఇంటిదాకా ఉండనిమ్మంది.