గురకోళ్ల ఇంటి ఆడపిల్ల

రెండుసార్లు తలకు పోసినా నా బిడ్డ శ్రీజ నెత్తిల ఆ జిగురు వాసన ఇంకా పోలేదు. మందుల దుకాణం, బడి గమ్ముసీసా రెండూ కలిసినట్టు ఉంటది. మొన్న రాత్రి తిరుమలగిరి దిక్కున్న ఒక దవాఖానల దానికి నిద్ర పరీక్ష చేసిన్రు. ఎనిమిదేండ్ల పిల్ల నెత్తికి, చెంపలకు, ఛాతికి తీగలు అతికించి, ముక్కు కింద సన్నపు గొట్టం పెట్టి, నిద్రల ఊపిరి ఎన్నిసార్లు ఆగుతుందో తెల్లారేదాక మిషన్ మీద చూసిన్రు. వెంట్రుకల్ల చిక్కిన జిగురు ముద్దలు కొబ్బరినూనెతోటి ఒక్కొక్కటే తీస్తుంటే నాకు నా చిన్నతనమే గుర్తుకొచ్చింది. నన్ను గిట్ల దవాఖానకు ఎవ్వరు తీస్కపోలేదు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

మెట్టుగూడల మా ఇల్లంటే గురకోళ్ల ఇల్లు. తాత, నాయన, ఇద్దరు బాబాయిలు, అందరు రైల్వేల పనిచేసినోళ్లే. డ్యూటీ దిగొచ్చి, పప్పుచారు అన్నంల ఉల్లిగడ్డ నంజుకొని తిని, ఎండకాలమైతే డాబా మీద నీళ్లు చల్లి, చాపలేసి వరుసగ ఒరిగిన్రంటే, పట్టాల మీద బండి పోయినా మావోళ్ల గురకదే పైచెయ్యి. అది మాకు గొప్ప. గురక పెట్టి పండుకున్నోడు ఒళ్లొంచి కష్టం చేసినోడని మా ఇంట్ల లెక్క. పిల్లను చూడొచ్చిన చుట్టాల ముందట సుత తాత గురక ముచ్చట నవ్వుకుంట చెప్పేటోళ్లు. అందుకే నాకు ఆరేండ్లకే గురక షురూ అయితే ఇంటిల్లిపాది మురిసిన్రు. "నా పోలికే" అని నాయన మీసం తిప్పిండు. నడుమ నడుమ నేను ఉలిక్కిపడి లేసి, నోరు తెర్సుకొని గాలి గుంజుకునుడు వాళ్లకు కనబడలే.

రాత్రి అట్ల గడిస్తే పగలు ఏమైతది? బతుకమ్మ దినాల్ల ముంగిట్ల అందరం కూసోని తంగేడు పువ్వు, గునుగు పువ్వు వేరు చేస్తుంటే, లోపల అమ్మ పల్లీల సత్తు, నువ్వుల సత్తు చక్కెర కలిపి ముద్దలు కడుతుంటే, ఆ వాసనకు పిల్లలందరు వంటింట్లకు ఎగబడుతుంటే, నేను పూలకుప్ప మీదనే ఒరిగి నిద్రపోయేదాన్ని. తొక్కుడుబిళ్ల ఆడుకుంట నిలబడే తూగేదాన్ని. బడిల సారు బెత్తంతోటి లేపేటోడు. మొద్దుదని పేరు పడ్డది, అది పెండ్లిదాక నా ఎంబడే వచ్చింది. అందరు అంటుంటే నేను సుత నమ్మిన.

ఒక్క నాయనమ్మకే అనుమానం. నన్ను పక్కల ఏసుకొని, నా ఊపిరి ఆగినప్పుడల్లా భుజం పట్టి ఊపి, ఒత్తిగిలబెట్టేది. పీడకలలేమోనని దిండు కింద ఇనుపముక్క పెట్టింది, దర్గకు పోయి తాయత్తు తెచ్చి కట్టింది. అయినా నా భుజం మీదికెళ్లి చెయ్యి మాత్రం తియ్యలే. "జెర పక్కకు తిరుగు బిడ్డా" అంటుండేది. ఇప్పుడు శ్రీజకు నేను చేసేది అదే. ఎంత గాఢనిద్రల ఉన్నా నా చెయ్యి దానంతటదే లేస్తది.

బడిల శ్రీజను చివరి బెంచికి మార్చిన్రు. చదువుల డల్ అని డైరీల రాసిన్రు. రిటైరై మాతోనే ఉంటున్న నాయనేమో, "గురకకు సుత దవాఖాననా? పైసలెక్కువైనయా?" అని అడ్డం పడ్డడు. ఈ ఇంట్ల ఇంకో మొద్దును తయారు కానియ్యనని చెప్పి, పిల్లను ఆటో ఎక్కించిన.

దవాఖాన గదిల పండుకున్న కాసేపటికి శ్రీజ గురక పెట్టింది, ఉన్నట్టుండి ఆగింది. ఛాతి ఎగుస్తుంది, గాలి మాత్రం పోతలేదు. నా చెయ్యి లేసింది.

"ముట్టుకోకుండ్రి మేడం," అన్నది మిషన్ ముందట కూసున్న అమ్మాయి. "మీరు కదిలిస్తే మాకేం కనబడది. పాప మీద మా నిగ ఉన్నది."

మా ఇంట్ల ప్రేమతోటి ఊపి ఊపి రోగాన్ని దాచిపెట్టుకున్నమని నాకు అప్పుడు సమజైంది. రెండు చేతులు తొడల కింద పెట్టుకొని కూసున్న. ఊపిరి ఆగినప్పుడల్లా నా పానం పోయినట్టే అయింది; పిల్ల తనంతట తనే ఎగబీల్చి గాలి తీసుకునేదాక పండ్లు బిగబట్టి చూసిన. నాయనమ్మ అన్నేండ్లు ఏం చూసిందో ఆ ఒక్క రాత్రి నేను చూసిన.

ముక్కు ఎనక, గొంతుల కండ పెరిగి గాలి దారిని మూస్తున్నదని, తీసేస్తే చాలామటుకు తగ్గుతదని డాక్టరమ్మ రిపోర్టు చూసి చెప్పింది. ఇంటికొచ్చి నాయన ముందట కూసోని అంతా చెప్పిన. చెప్పి, "నేను మొద్దుదాన్ని కాదు నాయనా. నాకు ఊపిరాడలే" అన్న.

"మా అమ్మ చెప్పింది," అన్నడు నాయన. "నీకు ఊపిరాగుతుంది, దవాఖానకు తీస్కపొమ్మని మస్తుసార్లు అన్నది. నేనే నవ్విన."

ఏం కాదులే అని నేను అనలే. ఎందుకు అనాలె?

వచ్చే సోమవారం ఆపరేషన్. కాయితాల మీద సంతకం నేనే పెట్టిన. ఆ డాబా ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ కట్టిన్రు, తంగేడు పువ్వు ఇప్పుడు బజార్ల కొనుడే, నాయనమ్మ పోయి ఏండ్లయింది. ఆ కాలం పోయిందని ఏడుస్త, నాకేం సిగ్గు లేదు. కాని ఆపరేషన్ సంగతి తెలిసి చుట్టాలు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నరు. మన కాలంల గిసొంటి రోగాలు లేకుండె గదా అంటున్నరు.

ఉండె. నాకే ఉండె.