నాన్న అరుపు ఉన్న పాట

నేను పిరికివాణ్ని. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, మైకు పుచ్చుకుని, ఎవడికీ భయపడనంటూ ఇరవై ఏళ్లు పోర్ట్ బ్లెయిర్ అంతా ర్యాప్ పాడుకుంటూ తిరిగినవాణ్ని చెబుతున్నాను, నమ్మండి. అప్పుడు మేం ముగ్గురం. తలా నాలుగు లైన్లు, అదీ హిందీలో. నా లైను తప్పితే పక్కవాడు అందుకునేవాడు. తర్వాత ఒకడు చెన్నై వెళ్లిపోయాడు, ఇంకొకడు పిల్లల చదువులంటూ మానేశాడు. నలభై రెండేళ్ల వయసులో, పొద్దంతా ఆఫీసులో కవర్ల మీద ముద్రలు గుద్దుకునే గుమాస్తాని, ఒక్కణ్నే ఆల్బమ్ చేద్దామని కూర్చున్నాను. అదీ తెలుగులో. ఈసారి తప్పితే అందుకునేవాడు లేడు.

మిడిల్ పాయింట్‌లో మా ఇంట్లో ఉన్న బట్టల బీరువానే నా స్టూడియో. తలుపులు తీసి, అమ్మ చీరల మధ్య మైకు వేలాడదీసి, నెత్తిన దుప్పటి కప్పుకుని పాడేవాణ్ని. హిందీ మీడియంలో చదివాను కాబట్టి తెలుగు మాట్లాడతాను గానీ రాయలేను. పాటలన్నీ హిందీ అక్షరాల్లో రాసుకున్నాను. "తెలుగు పాటకి హిందీ చొక్కా ఏట్రా!" అని అమ్మ నవ్వేది.

ఎనిమిది పాటలయ్యాయి. ఏడు అమ్మకు వినిపించాను. ఎనిమిదోది మాత్రం దాచిపెట్టాను.

అది సునామీ పాట. అప్పట్లో మేం ఫీనిక్స్ బే దగ్గర, బాగా దిగువన, క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్న దీవుల మధ్య తిరిగే బోటులో ఇంజిన్ పని చేసేవాడు. క్రిస్మస్ మర్నాడు ఆదివారం పొద్దున భూమి ఊగింది. కాసేపటికి నాన్న జెట్టీ నుంచి రోడ్డు వెంట పరిగెత్తుకొస్తూ అరిచాడు. "నీళ్లొస్తున్నాయ్! పైకి పదండి! పానీ ఆ రహా హై, ఊపర్ భాగో!" ఆ అరుపు విని బతికి బయటపడ్డవాళ్లు ఇప్పటికీ మా చర్చిలో ముందు బెంచీల మీద కూర్చుంటారు.

ఆ రోజు నుంచి మావాళ్లెవరూ ఆ మాట పైకి అనరు. రోజు విడిచి రోజు మునిసిపాలిటీ నీళ్లు వస్తాయి కదా, అప్పుడు కూడా "కుళాయి వచ్చింది" అంటారే తప్ప నీళ్లొస్తున్నాయని అనరు. పిల్లలు నోరు జారితే వీపు మీద ఒకటి పడుతుంది.

నాన్న పోయి రెండేళ్లయింది. పోయే ముందు ఏడాది ఆయన్ని డాబా మీద కూర్చోబెట్టి, ఆ రోజు అరిచినట్టే ఒక్కసారి అరవమని అడిగాను. "తప్పురా" అన్నాడు. వారం రోజులు వెంటపడ్డాను. చివరికి ఒక్కసారి అరిచాడు, ఫోనులో ఎక్కించుకున్నాను. పక్కింటి దీదీ చేతిలో గరిటెతో అలాగే రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చింది. అమ్మ మా ఇద్దరి మీదా మండిపడింది. "పెదవి దాటితే పృథ్వి దాటుతుందంటారు. ఇవాళ ఫోనులో పెట్టావు, రేపు ఊరంతా వింటాది. ఆ మాటతో ఆటలేటి మీకు?" నాకవేమీ ఎక్కలేదు. ఆహా, ఏం గొంతు అనుకున్నాను. ఆ అరుపునే ఎనిమిదో పాటకు పల్లవి చేశాను.

అయితే అమ్మకు వినిపించకపోవడానికి కారణం ఆ అరుపు కాదు. దాని తర్వాత వచ్చే నా లైను. "అమ్మ చెయ్యి పట్టుకుని పైకి పరిగెత్తా" అని రాశాను. పచ్చి అబద్ధం. ఆ రోజు ఆమె చెప్పు తెగి కిందికి వంగింది. వెనక నీళ్ల హోరు. ఇరవై ఒక్కేళ్ల మగాణ్ని, ఆమె చెయ్యి విదిలించుకుని పారిపోయాను. వెనక్కి తిరిగైనా చూడలేదు. ఎత్తు మీద చర్చి మెట్ల మీద గజగజ వణుకుతూ కూర్చుంటే, చాలాసేపటికి నాన్న ఆమెను భుజాన వేసుకుని వచ్చాడు. ఇద్దరూ నిలువెల్లా తడిసిపోయారు. అమ్మ నన్ను చూసి, "తాగడానికేమైనా ఇచ్చారేట్రా నీకు?" అని అడిగింది. అంతే. ఇన్నేళ్లలో ఆ చెయ్యి సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పాట వింటే ఎత్తుతుందని నా భయం. ఎత్తితే ఆమె ముఖం ఎలా చూడాలో నాకు తెలియదు.

ఆల్బమ్ అందరికీ వినిపించడానికి ఒక ఆదివారం ఖాయం చేసుకున్నాను. అబర్డీన్ బజార్ దిగువన, సముద్రం కనిపించేంత దగ్గరలో, తెలిసినాయన దుకాణం డాబా ఇచ్చాడు. సాయంత్రం అయిదింటికి జనం వస్తారు. అమ్మ చర్చి నుంచి బజారు పైచివర చుట్టాలింటికి వెళ్లి, అక్కడి నుంచి దిగి వస్తానంది. ఆమె ముందు ఏడు పాటలే వేసి, ఏదో వైరు కాలిపోయిందని చెప్పి ఎనిమిదోది ఎగ్గొడదామని నా ఎత్తు. అందుకని దాన్ని మధ్యాహ్నమే ఒకసారి పెద్ద స్పీకర్లలో విని తనివి తీర్చుకుందామనుకున్నాను.

సౌండు పెట్టే ఆయనా నేనూ ఇద్దరమే ఉన్నాం డాబా మీద. నడుమెత్తు స్పీకర్లు నాలుగు. పాట మొదలైంది. గచ్చు వణికింది. గోడ మీది మంచినీళ్ల సీసా దొర్లి కింద పడింది. "భయ్యా, బేస్ జ్యాదా హో గయా" అంటూ ఆయన మీట తగ్గించబోయాడు. "రహనే దో, ఉండనీ" అని నేను నవ్వాను. నా పాటకు భవనం ఊగుతోందని మురిసిపోయాను, వెధవని.

పల్లవి దగ్గర మోతంతా ఆపేసి నాన్న గొంతు ఒక్కటే వినపడేలా పెట్టింది నేనే. మోత ఆగింది. నాలుగు స్పీకర్లలోంచీ నాన్న అరిచాడు.

కింద కేకలు లేచాయి. పిట్టగోడ మీంచి వంగి చూశాను. బజారు బజారంతా అప్పటికే రోడ్డు మీద ఉంది. ఎందుకున్నారో నాకర్థం కాలేదు. చూస్తుండగానే అందరూ ఒక్కసారిగా ఎత్తుకేసి పరుగు తీశారు. స్కూటర్లు నడిరోడ్డున వదిలేశారు. చంకలో బిడ్డతో ఒకావిడ, ఒక కాలికి చెప్పు లేకుండా ఒక ముసలాయన. అది నా పాటేనని నాకు తెలియదా? తెలుసు. నా చేత్తో పెట్టుకున్న అరుపే. కానీ నాన్న పైకి పదమన్నాడు, కాళ్లు ఆయన మాటే విన్నాయి. సౌండు ఆయన్ని అక్కడే వదిలేసి, మెట్లు దిగి, జనంలో పడి నేనూ ఎత్తుకు పరిగెత్తాను.

సగం దూరంలో అమ్మ కనపడింది. తెల్లచీరలో, అరిగిపోయిన మోకాళ్లతో, అంత జనానికీ ఎదురు దిగివస్తోంది. "అమ్మాజీ, ఊపర్ జావో!" అని ఎవరో చెయ్యి పట్టుకోబోతే విసిరికొట్టింది.

"కిందికెందుకొస్తున్నావే!" అని అరిచాను.

ఆమె నా మణికట్టు పట్టేసుకుంది. ఊపిరి అందడం లేదు. "దొరికావు, పద పైకి" అంది.

"అమ్మా, నీళ్లూ లేవు, ఏమీ లేవు. అది నా పాట. నాన్న అరుపు నేనే పెట్టాను."

"నలభై ఏళ్ల పైన కాపురం చేసాను, ఆ గొంతు నాకు తెలీదేటి? పోయినోడు జెట్టీ నుంచి వొస్తాడేటి?"

"తెలిస్తే మరి కిందికెందుకు దిగావు?"

"భూమి ఊగింది కదరా!"

"భూమి ఊగిందా? ఎప్పుడు?"

"ఓరి నీ పాట తగలెయ్య! ఊరంతా ఊగితే నీకు తెలీలేదా? నువ్వు కిందన ఒక్కడివే ఉన్నావని దిగాను. నీకు భయం కదా." కొంచెం ఆగి, కూరగాయల బేరం చెప్పినంత మామూలుగా అంది. "అప్పుడూ భయపడే కదా నా చెయ్యి ఒగ్గేసావు."

ఆమె లాగితే నడిచాను. నాలుగడుగులకోసారి ఆగుతూ బజారు పైకి చేరి, జనంతో పాటు నిలబడి సముద్రాన్నే చూశాం. నేను పెట్టిన అరుపు నిజమై నీళ్లు వచ్చేస్తాయేమోనని నా భయం. సముద్రం కదల్లేదు. ఎంతసేపు నిలబడ్డామో గానీ అమ్మ నా మణికట్టు వదల్లేదు. తర్వాత ఆ స్పీకర్లు నావేనని తెలిసి జనం తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నాన్న అరుపుతో బతికిన ముసలాయన ఒకరు మాత్రం తిట్టలేదు, ఏడ్చారు. అదే ఎక్కువ తగిలింది. మరుసటి ఆదివారం చర్చిలో లేచి నిలబడి క్షమాపణ చెప్పుకున్నాను.

నాన్న అరుపు పాటలోంచి తీసేశాను. నా లైను కూడా మార్చాను. బీరువాలో, అవే చీరల మధ్య తల పెట్టి, "అమ్మ చెయ్యి వదిలేసి పారిపోయా" అని పాడాను. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఇయర్‌ఫోన్లు పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఇరవై ఏళ్లలో ఏ స్టేజీ మీదా అంత భయపడలేదు.

ఆమె చివరిదాకా వింది. ఇయర్‌ఫోన్లు తీసి, తీగ చుట్టి, నా చేతిలో పెట్టింది.

"ఈ ఒక్క మాట చెప్పడానికేట్రా, ఇన్నేళ్లు ఇన్ని పాటలు పాడావు?" అంది.