కొన పట్టుకునే మనిషి

మా ఊళ్లో బావి కొలవాలన్నా, గడ్డివామి కొలవాలన్నా నన్నే పిలిచేవాళ్లు. బడిలో నేర్చిన లెక్క కాదు నాది. మూరకొక ముడి వేసిన తాడు ఒకటి ఉండేది. నేను కొలుస్తుంటే దాని కొన నా భార్య పట్టుకునేది. ఒకసారి మా చేని గట్టున ఉన్న చింతచెట్టు మొదలు కొలిస్తే తొమ్మిది మూరలు వచ్చాయి.

“దీనికంటే లావుది యాడా ఉండదు,” అందామె.

“ఉంటాది. చూపిస్తా చూడు,” అన్నాను.

ఆమె పోయిన మరుసటి ఏడు, ఎనభైల మొదట్లో, అనంతపురం నుంచి మంగళూరు దిక్కు యాత్ర బస్సు పోతుంటే ఎక్కాను. ఒకరోజు పొద్దున సముద్రానికి దగ్గరలోని అడవిలో నడిచాం. అక్కడి చెట్ల కొనలు తల ఎంత ఎత్తినా కనపడలేదు. అందరూ ముందుకు సాగిపోయారు. నేను అన్నిటికంటే లావుగా ఉన్న చెట్టు దగ్గర ఆగి, సంచిలోని తాడు తీసి, అలవాటుగా “కొన పట్టుకో” అని గట్టిగా అంటూ వెనక్కి చేయి చాపాను. ఎవరూ అందుకోలేదు.

నా కేక విని, బస్సులో నా పక్కన కూర్చున్న ధర్మవరం దర్జీ వెనక్కి వచ్చాడు.

“ఏమన్నా, చెట్టుకు చొక్కా కుట్టిస్తావా ఏమి?” అని నవ్వుతూ కొన పట్టుకున్నాడు.

ముళ్లు లెక్కపెడుతూ చుట్టూ తిరిగి వచ్చాను. రెండుసార్లు కొలిచాను. ఇరవై ఒకటిన్నర.

“ఎంతొచ్చెనన్నా?”

“మా చింతకంటే లావే,” అన్నాను.

ఏ చింత అని అతను అడగలేదు. తాడు చుట్టి నా చేతికిచ్చి, బస్సు పోతాదని తొందరపెట్టాడు.