ఏడు గంటల రూలు

యాభై మూడేళ్ళ వయసులో అక్షరాలు నేర్చుకున్న మనిషి చేతికి స్కెచ్ పెన్ను ఇవ్వకూడదు. ఇస్తే ఏమవుతుందో గాజువాకలో మా లాండ్రీ షెడ్డులో పనిచేసే ఎనిమిది మంది ఆడవాళ్ళని అడగండి, చెబుతారు.

నాకు చదువు చెప్పింది మా వీధి అంగన్‌వాడీ టీచరమ్మ. మధ్యాహ్నం పిల్లలు ఇళ్ళకి పోయాక వాళ్ళ చిన్న చాప మీద కూర్చుని దిద్దేదాన్ని. ఆరు నెలలకి సిటీ బస్సు మీది బోర్డు చదివాను. ఏడాదికి పేపరు చదివాను. ఆ తర్వాత నన్ను ఆపడం ఎవరి తరమూ కాలేదు. కొట్ల పేర్లు, మందు సీసాలు, గోడల మీద ఎక్కడ ఏం పోయకూడదో రాసినవి, అన్నీ పైకే చదివేదాన్ని. బస్సులో పక్కవాళ్ళు లేచి వేరే సీటుకి పోయేవారు.

అలా ఉన్న నన్ను రుషికొండ దగ్గర ఒక హోటల్లో ఆడవాళ్ళకి వ్యాపార శిక్షణ అంటూ పిలిచారు. రెండు రోజులు ఏసీ హాల్లో కూర్చోబెట్టారు. టై కట్టుకున్న సారు మమ్మల్ని చూసి, “మీరు నాయకురాళ్ళు” అన్నాడు. నేను కొంగు సర్దుకుని నిటారుగా కూర్చున్నాను. “మీ వ్యాపారం ఎందుకు? ఎటు పోవాలి? ఒక్క ముక్కలో రాసి గోడకి పెట్టుకోండి” అని తలా ఒక దళసరి అట్ట ఇచ్చాడు. పైన ‘మా లక్ష్యం’ అని అచ్చు వేసి ఉంది. కింద అంతా ఖాళీ. రెండు రోజులూ ఆ ఖాళీ వంక చూశాను. ఇరవై ఏళ్ళుగా వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్ళ యూనిఫారాలు ఉతుకుతున్నాం. ఎందుకు అని ఎవరూ అడగలేదు. మురికిగా ఉంటాయి కనక.

అట్టని ఖాళీగానే తెచ్చి షెడ్డు గోడకి వేలాడదీశాను. లక్ష్యం తోచినప్పుడు రాయొచ్చు, ముందు రూళ్ళు రాద్దాం అనుకున్నాను.

మొదటి రూలు కాగితం మీద రాసి అట్ట పక్కన అంటించాను. ‘అందరూ ఉదయం ఏడు గంటలకు రావాలి.’ మా వాళ్ళలో ఇద్దరికి తప్ప చదువు రాదు కాబట్టి నేనే పైకి చదివి వినిపించాను. అందరూ బుద్ధిగా తలలూపారు. అప్పటిదాకా వాళ్ళు ఆరింటికే వస్తున్నారన్న సంగతి నేను పట్టించుకోలేదు. మర్నాటి నుంచి ఏడింటికి వచ్చారు.

“ఏటప్పా, ఇంతసేపు?” అని మా తోడికోడలిని అడిగాను.

“నువ్వే రాసినావు కదేటి” అంది గోడ వైపు గడ్డం ఊపి.

ఆమె మా బావగారి భార్య. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. అక్కని పిలిచినట్టు నేను అప్పా అంటాను. షెడ్డు మొదలుపెట్టింది ఇద్దరం కలిసే. బయట బేరాలు నావి, లోపల బట్టల సంగతి ఆమెది. ఎవరి చొక్కా ఏదో తెలియడానికి కాలరు లోపల దారంతో గుర్తు కుడుతుంది. రెండు ఎర్ర కుట్లు, ఒక నల్ల కుట్టు అయితే ఒక మనిషి. మూడు పచ్చ కుట్లు అయితే ఇంకొకడు. వందల గుర్తులు ఆమె తలలోనే ఉంటాయి.

రెండో రూలు, ‘పని వేళలో మాట్లాడరాదు.’ ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ వారమే ఒక జేబులో పెన్ను మిషనులోకి పోయి, ఒక వాయి బట్టలన్నీ ఇంకు మరకలతో మశూచి పోసినట్టు తయారయ్యాయి. ఆ ఇంకు వదలగొట్టలేక నా వేళ్ళు పుండ్లు పడ్డాయి. పెన్ను ఉందని అప్ప ముందే చూసిందట.

“సెప్పలేకపోయావా?”

ఆమె పెదాల మీద వేలు పెట్టుకుని గోడ చూపించింది.

అక్కడైనా ఆగి ఉండాల్సింది. మూడో రూలు రాశాను. ‘దారం గుర్తులు రద్దు. ఇకపై పేర్లు రాయబడును.’ రాయబడును అన్న మాట పేపర్లో చూసి ఎంతో ముచ్చటపడి పెట్టాను. చదివి వినిపించాక అప్ప చేతిలోని సూదిని దారపుండలో గుచ్చి పక్కన పెట్టింది.

“మరి నన్నేటి సెయ్యమంటావు?”

“ఇస్త్రీ బల్ల దగ్గర కూర్చో.”

“మా మేనకోడలు రుషికొండ హోటల్లో బట్టలు మడతెట్టే పనికి రమ్మంటంది. ఒకటో తారీకు నుంచి అక్కడికే ఎల్తాను” అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు భయం ఉండేది కాదు. ఆమె పోతే షెడ్డులో మిగిలేది నేనూ, నా చేతిరాతా. అయినా పంతానికి పోయి, “నీ ఇష్టం” అన్నాను.

ఆ రోజే ఒక వర్క్‌షాపు నుంచి అరవై జతల నీలం యూనిఫారాలు వచ్చాయి. పాత దారాలన్నీ నేనే బ్లేడుతో కోసి పారేశాను. తెల్ల పట్టీలు కుట్టించి, బట్టలు తెచ్చిన మనిషిని అడిగి స్కెచ్ పెన్నుతో పేర్లు రాశాను. సాయంత్రం దాకా రాశాను. ఏ అక్షరానికీ తలకట్టు తప్పలేదు.

మర్నాడు ఉతికి ఆరేశాక చూస్తే అరవై పట్టీలూ మల్లెపూలలా తెల్లగా ఉన్నాయి. వద్దన్న ఇంకు వారం రోజులు వేలాడింది. కావాలన్న ఇంకు ఒక్క ఉతుకుకే పోయింది. అందరూ ఇస్త్రీ పెట్టెల వైపు తలలు దించుకున్నారు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

అప్ప లేచి వచ్చింది. కుప్ప ముందు చతికిలపడి ఒక్కొక్కటీ తీసింది.

“మోచేతి కాడ సిల్లులున్నాయి, ఈడు వెల్డరు. ఈడు సీటు మీదే కూకుంటాడు, ఎనకాల అరిగిపోనాది, క్రేను డ్రైవరు. ఈడి జేబు కంపు సూడు, ఖైనీ. ఈడికి పెల్లాం గుండీలు కొబ్బరి తాడంత దారంతో కుడతాది.”

వాళ్ళలో ఒక్కరి ముఖం కూడా ఆమె ఎరగదు. అయినా ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ పోయింది. చివరికి రెండు జతలు మిగిలాయి.

“ఇవి కొత్తోల్లవి. ఇంకా ఒల్లు పట్నేదు” అని పక్కన పెట్టింది.

“పోనీలే అప్పా, అన్నీ ఒకే కొలత. ఎవరిదైతేనేం” అన్నాను, పరువు కాపాడుకోవడానికి.

“ఒకడి సెమట ఇంకోడెందుకు మొయ్యాల? ఎవుడి గుడ్డ ఆడికెల్లాల. దానికి కదేటి మనం ఉన్నది?”

టై సారు రెండు రోజులు అడిగింది ఇదేనని నాకు తట్టింది. ఆమె మాత్రం చేతులు దులుపుకుని, “ఎల్లుండి ఒకటో తారీకు” అని ఇంటికి పోయింది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలో నెత్తళ్ళ చేపలు బాగుచేస్తోంది. తల ఎత్తలేదు.

“ఎల్లకప్పా” అన్నాను.

“నోటి మాట ఎలగ సెల్లుద్ది? నీకు రాతే కదా రూలు. రాసియ్యి.”

మర్నాడు షెడ్డులో అందరి ముందూ రాయించింది. పెద్ద కాగితం ఏదీ లేకపోతే గోడ మీది అట్ట తీశాను. ముందు నా అంతట నేనే ఒక ముక్క రాశాను.

“నాను సెప్పకుండా ఏటి రాసినావు?”

“ఎవరి గుడ్డ వారికే చేరాలి అని. నీ మాటే.”

“దొంగ మొకమా. సరే, రాయి. దారం గుర్తులు మల్లీ ఉంటాయి. మాటలూ ఉంటాయి. ‘నాను రాసిన రూల్సన్నీ తప్పు’ అని నీ మాటగా రాయి.”

వెనక నుంచి గొణుగుడు వినిపించింది. “అన్నీ అంటావేటప్పా? ఏడు గంటలది బాగానే ఉంది.”

అప్ప ఆలోచించింది. “అవునవును. ఏడు గంటలది తప్ప, అని రాయి.”

తర్వాత చదవమంది. చదివాను. సరిగా వినబడలేదంది. మళ్ళీ చదివాను.

“తప్పు అన్న కాడ గొంతు దిగిపోతంది. అక్కడ గట్టిగా సదువు.”

మూడోసారికి వినబడింది. ఆమె దబ్బనంతో అట్టకి చిల్లు పొడిచి, కింద తన గుర్తు కుట్టింది. ఒక పచ్చ కుట్టు, ఒక ఎర్ర కుట్టు. అది ఇప్పటికీ గోడ మీద ఉంది.

మా వాళ్ళు ఏడింటికే వస్తారు, నిమిషం ముందు రారు. ఆరింటికి షెడ్డు తలుపు తీసి నేనొక్కదాన్నే మూటలు విప్పుకుంటాను. అప్ప ఆరున్నరకే ఎదురుగా టీ కొట్టు బల్ల మీదకి చేరుతుంది. గ్లాసు పట్టుకుని, కాళ్ళూపుకుంటూ, ఏడయ్యేదాకా నా వంకే చూస్తూ కూర్చుంటుంది.