బొగ్గు తిన్న విషం

మురాదాబాద్‌లో ఇత్తడి సామాను మెరవాలంటే ముందు యాసిడ్‌లో మునగాలి. దాన్ని కడిగిన నీళ్ళు చిలకపచ్చ రంగులో కారతాయి. మా పేట చివరి కార్ఖానాలో ఆ నీళ్ళ సంగతి చూసేవాడు బుందూ ఖాన్. అరవై దాటిన మనిషి, వేళ్ళ సందుల్లో ఎప్పటికీ మానని పుళ్ళు.

ఒకప్పుడు ఆ నీళ్ళన్నీ తిన్నగా రామ్‌గంగ ఏట్లోకే పోయేవి. తనిఖీలకు జడిసి కార్ఖానా సేఠ్ పెరట్లో ఒక తొట్టి కట్టించి, అందులో కొబ్బరిచిప్పల బొగ్గు నింపించాడు. పైన పచ్చనీళ్ళు పోస్తే కింద తేటనీళ్ళు వచ్చాయి. బుందూ వాటిని గాజుగ్లాసులో పట్టి ఎండకేసి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ ఏటిని పాడుచేసిన చేతులు అవే మరి.

ఇంట్లో ఆయనకు భార్య బిల్కీస్, మనవరాలు అర్ఫా. కొడుకు ఇత్తడి సానపట్టే దుమ్ముకు దగ్గి దగ్గి పోయాడు. కోడలు మారుమనువు చేసుకుని వెళ్ళిపోయింది. మిగిలిన ఆ ఒక్క నలుసే ఇద్దరికీ ప్రాణం.

"తాతా, నీళ్ళలో విషమంతా ఎక్కడికి పోతుంది?" అని అర్ఫా అడిగేది.

"బొగ్గు తినేస్తుందే పిచ్చిమొహమా. దాని కడుపుకు అంతు లేదు, మీ నానమ్మ నోటికి లేనట్టే."

"నా నోటి జోలికొస్తే ఈ పూట రొట్టె ఉండదు," అనేది బిల్కీస్ పొయ్యి దగ్గర్నుంచి.

తిన్నది అరిగిపోతుందని బుందూ నమ్మకం. బొగ్గు బలం తగ్గగానే తీసి పెరట్లో గుట్ట పోసేవారు. మా పేటలో బొగ్గుపొడి కనిపిస్తే ఆడవాళ్ళ చేతులు ఊరుకోవు. బంకమన్ను, పేడ కలిపి ఉండలు చేసి, మిద్దెమీద ఎండబెట్టి, చలికాలమంతా కుంపట్లో వేసుకుంటారు. బుందూ బస్తాలకెత్తి తన ఇంటికీ, వీధిలో ప్రతి ఇంటికీ మోశాడు. సేఠ్ చూసి కూడా వద్దనలేదు. అది విషమని ఆయనకు తెలియక కాదు. పెరడు ఖాళీ అవుతుంటే నోరెందుకు విప్పుతాడు!

మంచు దిగినప్పుడు తలుపులు బిగించుకుని అందరూ కుంపటి చుట్టూ చేరేవారు. చల్లారిన బూడిదతో బిల్కీస్ అంట్లు తోమేది. అర్ఫా పాలగిన్నె అద్దంలా మెరిసేది.

రెండో చలికాలానికి పిల్ల పాలిపోయింది. కడుపునొప్పని మెలికలు తిరిగేది. ఉర్దూ అక్షరాలు అలిఫ్ నుంచి చివరిదాకా గుక్కతిప్పుకోకుండా చదివి వీధంతా తిరిగి బతాసా మిఠాయిలు దండుకున్న పిల్ల, మధ్యలో ఆగి బిక్కమొహం వేయసాగింది. దిష్టి అన్నారు. తాయెత్తు కట్టారు. చివరికి పెద్దాసుపత్రిలో నెత్తురు పరీక్ష చేసి సీసం అన్నారు.

"ఇత్తడిలో సీసం ఉంటుంది. ఇంట్లో ఇత్తడి పనేమైనా చేస్తారా?" అంది డాక్టరమ్మ.

"లేదమ్మా. నాది విషం తీసే పని," అన్నాడు బుందూ కాస్త గొప్పగానే.

"తీసి ఎక్కడ పెడతారు?"

"బొగ్గు తినేస్తుంది."

"మరి ఆ బొగ్గు?"

"ఉండలు చేసి కుంపట్లో వేసుకుంటాం," అన్నాడు బుందూ.

"బొగ్గు తినదు పెద్దాయనా, పట్టుకుని ఉంచుతుంది అంతే. కాలిస్తే బొగ్గు పోతుంది, సీసం పోదు. కొంత పొగలోకి, మిగతాది బూడిదలోకి వస్తుంది."

"నా పిల్ల మళ్ళీ మునుపట్లా అవుతుందా?"

"ఇకమీదట పోయేదాన్ని ఆపగలం," అని ఆవిడ తల దించుకుని మందులు రాసింది.

ఇంటికొచ్చేసరికి బిల్కీస్ పాలగిన్నె తోముతోంది. బుందూ గిన్నె లాక్కుని సంగతి చెప్పాడు. ఆవిడ బూడిద చేతులు ఒళ్ళో పెట్టుకుని, "నా చేత్తోనే పెట్టానా?" అంది.

"మోసుకొచ్చింది నేను," అన్నాడు బుందూ.

కుంపట్లో నీళ్ళు పోసి పక్కింటికి వెళ్ళాడు. అక్కడ రఫత్ గుమ్మంలో పిల్లాణ్ణి చంకనేసుకుని నిలబడి ఉంది.

"ఆ ఉండలు కాల్చకమ్మా. విషం అది. బూడిద కూడా ముట్టుకోకు."

"ఏం చాచా, సేఠ్ ఇప్పుడు బొగ్గు అమ్ముకుంటున్నాడా? తిరిగి పట్టుకు రమ్మన్నాడా?" అంటూ నవ్వింది రఫత్. "మీ పిల్లకు దిష్టి తగిలితే మా కుంపటి ఆర్పుకోవాలా? నా పిల్లలు గుండ్రాళ్ళలా ఉన్నారు."

మరో రెండు గుమ్మాల్లోనూ అదే మాట. నీళ్ళు తేటగా వస్తాయని ఇన్నాళ్ళూ గొప్పలు పోయింది తనే కదా, ఇప్పుడెవరు నమ్ముతారు?

బుందూ ఇంటికెళ్ళి అర్ఫాను వేలు పట్టుకుని తీసుకొచ్చాడు. రఫత్ గుమ్మం ముందు నిలబెట్టి, "అక్షరాలు చదువు తల్లీ, అత్తకు వినిపించు," అన్నాడు.

"అలిఫ్, బే, పే..." ఆగింది. మళ్ళీ, "అలిఫ్, బే..." తాత మొహంలోకి చూసింది. నవ్వడానికి ప్రయత్నించింది.

నిరుడు ఈ గుమ్మంలోనే పిల్ల చదువు విని బతాసాలు పెట్టింది రఫతే. ఆమె నవ్వు ఆగిపోయింది. పిల్లాణ్ణి గుండెకదుముకుని లోపలికెళ్ళి, ఉండల బుట్ట తెచ్చి బయట పెట్టింది.

"తాతా, బాగా చదివానా?" అంది అర్ఫా.

"చాలా బాగా చదివావమ్మా," అని బుందూ ఆమెను వెంటబెట్టుకుని ఆ పక్కింటి తలుపు తట్టాడు.